నీలానికి తిరిగిన పట్టీ

పట్టీ అబద్ధమాడదు. ఆడటానికి దానికి నోరు లేదు, మొహమాటం లేదు, పొట్ట పోసుకోవలసిన అవసరం అంతకన్నా లేదు. ఎక్కడ నలుగురు కనబడితే అక్కడ సువర్చల ఆరేళ్ళుగా ఈ మాట చెబుతూనే ఉంది. చెప్పీ చెప్పీ చివరికి తనే నమ్మేసింది. మనిషి తన సొంత మాటను తనే నమ్మడం మొదలుపెట్టాక ఆపడం ఎవరి తరమూ కాదు.

ఆ సోమవారం ఉదయం బెజవాడ శివార్లలో ఉన్న ప్రయోగశాలలో ఆమె డైరెక్టరు జోగారావుగారి మణికట్టుకు పట్టీ కట్టింది. చూడటానికి పెద్ద విశేషమేమీ లేదు. చేతిగడియారం అంత వెడల్పు, మధ్యలో రూపాయి బిళ్ళంత కిటికీ, ఆ కిటికీలో చిలకపచ్చ రంగు. బల్ల మీద ఒక చెక్క పీట. పీటలో చెయ్యి ఆనించడానికి గాడి, సరిగ్గా దానికి పైన కన్ను పెట్టి చూడటానికి ఒక గొట్టం.

"మీ పేరు, సార్?"

"జోగారావు."

గొట్టంలో పచ్చ.

"ఊరు?"

"నర్సాపురం."

పచ్చే.

"పొద్దున కాఫీలో పంచదార వేసుకున్నారా?"

జోగారావుగారికి షుగరు వ్యాధి. పైగా ఆయన భార్య ఇదే భవనంలో గ్రంథాలయం చూసుకుంటుంది. "అబ్బే, చిటికెడు కూడా లేదండీ" అన్నారాయన తలుపు వైపు చూస్తూ. సువర్చల కళ్ళముందే పచ్చ కాస్తా మెల్లగా సముద్రపు రంగుకు, అక్కణ్నుంచి ముదురు నీలానికి తిరిగింది.

"ఎన్ని చెంచాలు, సార్?"

"రెండు. ఆవిడతో అనకు తల్లీ."

అదీ ద్రవస్ఫటికాల సంగతి. కిటికీలో ఉన్న పదార్థం నీళ్ళలాగే పారుతుంది గానీ లోపల అణువులు మాత్రం జడ అల్లినట్టు ఒక వరసలో మెలిక తిరిగి ఉంటాయి. మెలిక వదులుగా ఉంటే ఒక రంగు వెలుగును వెనక్కి పంపుతాయి, బిగిస్తే మరో రంగును. బిగించేది వోల్టేజీ. మామూలు స్ఫటికాలకు వోల్టులు కావాలి. సువర్చల ఆరేళ్ళు కష్టపడి తయారుచేసినవాటికి వోల్టులో వెయ్యోవంతు చాలు. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి చెప్పేటప్పుడు మనిషి చర్మం కింద పుట్టే పాటి విద్యుత్తు అది.

పట్టీకో పెంకితనం లేకపోలేదు. ఎదురుగా సూటిగా చూస్తేనే అసలు రంగు కనబడుతుంది. వాలుగా చూస్తే పచ్చ కూడా నీలంగా అగుపిస్తుంది. అందుకే పీట, అందుకే గొట్టం. పట్టీతోపాటు ఇచ్చే కాగితంలో సువర్చల రెండే రెండు నియమాలు పెద్ద అక్షరాలతో రాసింది. పీట లేకుండా పట్టీ చూడకూడదు. అసలు ప్రశ్నకు ముందు పేరు, ఊరు, పొద్దున తిన్నదేమిటి అని మూడు తెలిసిన ప్రశ్నలు అడిగి, ఆ రంగులు రాసిపెట్టుకోవాలి.

ఆ కాగితంతో సహా ఒక పట్టీ, ఒక పీట అప్పటికి నాలుగు రోజుల క్రితమే వేమలపాడు చేనేత సంఘానికి చేరాయి.

వేమలపాడు సువర్చల సొంతూరు. బెజవాడకు బస్సులో ముప్పావుగంట. అక్క మల్లీశ్వరితో కలిసి ఆమె ఇప్పటికీ అక్కడే ఉంటుంది. ఎనిమిదేళ్ళ వయసులో తల్లి పోతే తనకన్నా పన్నెండేళ్ళు పెద్దదైన ఈ అక్కే పెంచింది, చదివించింది. మల్లీశ్వరి భర్త కూడా పోయాడు. సంఘంలో గ్రాఫుగది ఆవిడది. చీర అంచు మీద రావలసిన బొమ్మను గళ్ళ కాగితం మీద గడి తరవాత గడి నింపి గీయడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా వేమలపాడు మగ్గాల మీద నేసిన ప్రతి అంచూ ముందు ఆవిడ చేతి కింద పుట్టిందే.

ఈ ఏడు ఆవిడ చేపపొలుసు అంచు అని కొత్తది గీసింది. మొదటి చీర మగ్గం ఎక్కకముందే అదే అంచు గుంటూరు దుకాణాల్లో పవర్‌లూము చీరల మీద వేలాడుతూ కనబడింది. గ్రాఫు చూసినవాళ్ళు ముగ్గురే. గీసిన మల్లీశ్వరి, సంఘం కార్యదర్శి శేషగిరి, నేయించే పెద్ద వీరభద్రం. గ్రాఫు ఎవరికీ ఇవ్వలేదని ముగ్గురూ ఒట్లు పెట్టుకున్నారు. అప్పుడు అధ్యక్షుడు కోటిలింగంగారు, "మన అమ్మాయి ఏదో పట్టీ కనిపెట్టిందంటగా, అదేదో కట్టి చూస్తే పోలా?" అన్నారు. జోగారావుగారు ఎగిరి గంతేశారు. ప్రయోగశాల బయట పరీక్ష జరిగితే తప్ప కొనడానికి వచ్చిన కంపెనీ ముందుకు రానంటోంది మరి. సువర్చల కూడా సంతోషంగానే ఒప్పుకుంది. అక్క మీద ఆమెకు వీసమెత్తు అనుమానం లేదు. పట్టీ కడితే అక్క మీద ఎవరూ వేలెత్తి చూపకుండా సంగతి తేలిపోతుందని ఆమె ఆలోచన.

ఆ సోమవారం మధ్యాహ్నమే ఫోను మోగింది.

"అమ్మాయ్, కోటిలింగాన్ని. ఎట్టా చెప్పాలో తెలవడంలా."

"ఏమైంది బాబాయ్?"

"పట్టీ కట్టాం. శేషగిరికి పచ్చే. వీరభద్రానికీ పచ్చే. మీ అక్కకి నీలం తిరిగిందమ్మా. ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాం. మూడుసార్లూ నీలమే."

"కాగితంలో రాసినట్టే చేశారా?"

"అంతా నువ్వు చెప్పినట్టే చేశాం. ఇందులో మా సొంత తెలివి ఏముందీ?"

సువర్చల "అలాగా" అంది. చెప్పుకోవడానికి సిగ్గుచేటే గానీ, ఆ క్షణంలో ఆమెకు మొదట కలిగింది బాధ కాదు. పట్టీ ఊళ్ళో కూడా పనిచేసిందన్న సంతోషం. అది ఒక్క గుక్క మంచినీళ్ళు తాగేంతసేపే ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మల్లీశ్వరి వంటింటి గడప దగ్గర కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది.

"విన్నావా?" అంది తల ఎత్తకుండా.

"విన్నా."

మల్లీశ్వరి ఆగింది. చిక్కుడుకాయ చేతిలోనే ఉంది, తుంచలేదు. చెల్లెలు ఏదో అంటుందని, అనాలని ఆవిడ చూస్తున్నట్టు సువర్చలకు తెలుస్తూనే ఉంది. చెప్పుల పట్టీ విప్పుకుంటూ వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. కాసేపటికి గోరుచిక్కుడు పుటుక్కుమంది.

"నేను ఇయ్యలేదే" అంది మల్లీశ్వరి.

"సరే అక్కా" అంది సువర్చల. ఆ సరేకు అర్థం ఏమిటో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు సంఘంవాళ్ళు గ్రాఫుగది తాళంచెవి తీసేసుకున్నారు. పోలీసులదాకా వెళ్ళం, మన ఊరి ఆడపడుచు అన్నారట. ఊరి నోరు మాత్రం ఎవరూ మూయలేదు. మల్లీశ్వరి కనబడితే పాలకేంద్రం దగ్గర మాటలు ఆగిపోయేవి. ఎదురింటి ఆవిడ వారానికి రెండుసార్లు వచ్చి జాకెట్టు గుడ్డ మీద పువ్వు గీయించుకునేది, రావడం మానేసింది.

అనుమానం ఎలాంటిదంటే, ఒకసారి లోపలికి వచ్చిందా, ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునూ సాక్షిగా పిలుస్తుంది. అక్క ఈమధ్య రెండు గురువారాలు సంఘానికి సెలవు పెట్టింది. ఎందుకు? అడిగితే ఒంట్లో బాగోలేదంది. గదిలోకి అడుగుపెడితే అల్మరా తలుపు ఠక్కున మూసింది. ఏం దాచింది? ఫోను వస్తే పెరట్లోకి వెళ్ళి మాట్లాడింది. ఎవరితో? నెల కిందట జరిగితే సువర్చల గమనించను కూడా గమనించని విషయాలు ఇవన్నీ. ఇప్పుడు ఒక్కొక్కటీ నీలంగా కనబడుతున్నాయి.

శుక్రవారం అక్క స్నానానికి వెళ్ళినప్పుడు సువర్చల ఆవిడ చేతిసంచీ తెరిచింది. పిన్నీసు కోసం అని తనకు తనే చెప్పుకుంది. తన చేతికే గనక పట్టీ ఉంటే అప్పుడు ఏ రంగు తిరిగేదో వేరే చెప్పక్కర్లేదు. సంచీ అడుగున పిన్నీసుల డబ్బా కింద రెండు బస్సు టిక్కెట్లు ఉన్నాయి. గుంటూరువి. రెండూ గురువారాలవే. చేపపొలుసు అంచు మొదట కనబడింది గుంటూరు దుకాణాల్లోనే.

టిక్కెట్లు మళ్ళీ డబ్బా కింద పెట్టి, సంచీ మూసి, ఆమె మంచం మీద కూర్చుంది. స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు వినబడుతోంది. చిన్నప్పుడు జ్వరం వస్తే ఆ అక్క ఒళ్ళోనే మూడు రోజులు పడుకుంది. ఆ సంగతి గుర్తొచ్చింది. గుర్తొచ్చినా టిక్కెట్లు టిక్కెట్లుగానే ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె ప్రయోగశాల నుంచి తెచ్చిన మరో పట్టీని చాప మీద పెట్టింది. పీట కూడా తెచ్చింది.

"అక్కా, ఒక్కసారి. మనిద్దరమే ఉన్నాం. ఎవరికీ చెప్పను."

మల్లీశ్వరి పట్టీ వైపు చూసింది, చెల్లెలి వైపు చూసింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఈమధ్య ఎప్పుడూ అలాగే ఉంటున్నాయి.

"నువ్వు అడుగు. నీకు చెబుతా" అంది. "దానికి చెప్పమంటే మాత్రం నా నోరు పెగలదు."

"నువ్వు తప్పు చెయ్యనప్పుడు భయమెందుకు?"

"భయమని ఎవరన్నారు? నిన్ను పెంచినదాన్నే, నీకు పరీక్ష రాయమంటావా?"

"పరీక్ష కాదక్కా, నీ మంచికే..."

"తీసెయ్" అంది మల్లీశ్వరి. గొంతు పెంచలేదు. చాప మీద మెతుకులు ఏరి కంచంలో వేసుకుని లేచి వెళ్ళిపోయింది.

వద్దన్నదంటే తప్పు ఉందన్నమాటే అని సువర్చల నిర్ధారణకు వచ్చింది. ఆ రోజు నుంచీ అక్కతో ఉప్పు ఇటివ్వు, గొళ్ళెం పెట్టు లాంటి మాటలు తప్ప మాట్లాడలేదు. ప్రయోగశాలలో కూర్చుని కంపెనీకి పంపవలసిన నివేదిక తనే రాసింది. అందులో పేర్లు లేవు. మొదటి వ్యక్తి, రెండో వ్యక్తి, మూడో వ్యక్తి. మూడో వ్యక్తి మూడుసార్లూ అబద్ధం చెప్పినట్టు పరికరం నిర్ధారించింది. ఆ వాక్యం రాసేటప్పుడు ఆమె వేళ్ళు తడబడలేదు. తడబడి ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకుంది.

నివేదిక చదివిన జోగారావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అంతా బాగానే ఉంది గానీ, ఆ మూడు తెలిసిన ప్రశ్నల రంగులు ఏవీ? పేరుకు పచ్చ వచ్చిందా, ఊరుకు పచ్చ వచ్చిందా? అవి లేకపోతే కంపెనీవాళ్ళు గుమ్మం తొక్కనివ్వరమ్మా."

"రాసే ఉంటారు సార్. వెళ్ళి తెస్తాను."

మర్నాడు పది గంటలకు ఆమె సంఘం కార్యాలయం మెట్లెక్కింది. పాతకాలపు మండువా ఇల్లది. నిలువెత్తుకు కాస్త తక్కువగా అరుగు, అరుగు మీద కుర్చీలు, కింద వాకిలి. కోటిలింగంగారు, శేషగిరి కుర్చీల్లో కూర్చుని కాఫీలు తాగుతున్నారు.

"రామ్మా, రా. ఎండన పడి వచ్చావు. మంచినీళ్ళు తాగు" అంటూ కోటిలింగంగారు మూలకు చెయ్యి చూపించారు.

మూలన నీళ్ళకూజా ఉంది. కూజా కింద ఉన్నది ఆమె చెక్క పీట. చుట్టిన ప్లాస్టిక్కు కాగితం కూడా విప్పలేదు.

సువర్చల దాహం సంగతి మరిచిపోయింది.

"బాబాయ్, ఆ పీట వాడలేదా?"

"అది కూజాకి సరిగ్గా సరిపోయిందమ్మా. వాడటమంటే... ఎట్టా వాడతాం? మీ అక్కని మా ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద పెట్టించి, మగాళ్ళం ఆ గొట్టంలో ముక్కు దూర్చి చూస్తామా? ఏం బాగుంటది? మర్యాదస్తురాలు. మేం అరుగు మీద కూర్చున్నాం. ఆమె వాకిట్లో నిలబడింది, చేతులు ముందుకు కట్టుకుని, ఎప్పుడూ నిలబడేటట్టే."

"మరి శేషగిరిగారు? వీరభద్రంగారు?"

"మేం ఇక్కడే, కుర్చీల్లో" అన్నాడు శేషగిరి. "చెయ్యి చాపి చూపించాం. అధ్యక్షులవారి కళ్ళముందే పచ్చగా ఉంది."

"పేరు, ఊరు అడగమన్నాను. అవి?"

కోటిలింగంగారు నవ్వేశారు. "మల్లీశ్వరి పేరు నాకు తెలవదా అమ్మాయ్? బారసాలనాడు దాని పేరు పిలిచినవాళ్ళల్లో నేనొకణ్ని. పెద్దదాన్ని పట్టుకుని నీ పేరేంది, నువ్వు ఏ ఊరని అడిగితే నవ్విపోరూ? సూటిగా అసలు మాటే అడిగాం."

వాళ్ళు మోసం చెయ్యలేదు. అది ఇంకా ఘోరంగా అనిపించింది. మర్యాద చేశారు, అంతే. కూర్చున్నవాళ్ళు దొరలయ్యారు, నిలబడ్డది దొంగయింది.

"బాబాయ్, ఆ పట్టీ ఒకసారి మీరు కట్టుకోండి."

"నాకెందుకు?"

"కట్టుకుని వాకిట్లోకి దిగండి. అక్క నిలబడినచోటే."

ఆమె గొంతులో ఏం వినబడిందో గానీ ఆయన ఎదురుచెప్పలేదు. పంచె సవరించుకుంటూ మెట్లు దిగి, ఎండలో చేతులు ముందుకు కట్టుకుని నిలబడ్డారు. సువర్చల ఆయన కుర్చీలో కూర్చుంది.

"మీ పేరు?"

"ఇదేం చోద్యమమ్మా? కోటిలింగం."

అరుగు మీంచి వాలుగా చూస్తే కిటికీలో నీలం. ముదురు నీలం. శేషగిరి కాఫీ గ్లాసు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఏ రంగండీ, శేషగిరిగారూ?"

"నీ... నీలం."

"నీలమేందిరా, నా పేరు నాకు తెలవదంటావా?" కోటిలింగంగారు చెయ్యి విదిలించి మణికట్టు కళ్ళ దగ్గరకు ఎత్తుకున్నారు. "ఇదిగో, పచ్చగానే ఉందిగా!"

అని, తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయారు. ఎండలో ఆయన ముఖం ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"ఆ రోజు మల్లీశ్వరి కూడా ఇట్టాగే చెయ్యెత్తి చూసుకుందమ్మా" అన్నారు మెల్లగా. "పచ్చగానే ఉంది చూడండయ్యా అంది. దగ్గరికొచ్చి చూడమంది. మేం నమ్మలా. అబద్ధం మీద అబద్ధమాడుతోందనుకున్నాం."

సాయంత్రం ఇంటికి వచ్చి మల్లీశ్వరిని క్షమించమని అడుగుతానన్నారు. శేషగిరి లోపలికి వెళ్ళి గ్రాఫుగది తాళంచెవి తెచ్చి సువర్చల చేతిలో పెట్టాడు. ఆమె వీధిలోకి వచ్చి జోగారావుగారికి ఫోను చేసి నివేదిక ఆపెయ్యమంది. "ఆరేళ్ళ కష్టమమ్మా" అన్నారాయన. "తెలుసు సార్" అని పెట్టేసింది. ఏడుపు వస్తోంది, వీధిలో ఏడవడం ఇష్టం లేక గబగబా నడిచింది.

మల్లీశ్వరి పంచలో రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. గ్రాఫుగది పోయాక పక్కవీధి మగ్గాలకు ఆ పని ఒప్పుకుంది. సువర్చల చెప్పులతోనే లోపలికి వచ్చి అక్క ముందు కూలబడింది.

"అక్కా, తప్పయిపోయింది. వాళ్ళు పైనుంచి వాలుగా చూశారు. పీట వాడలేదు. పచ్చగా ఉన్నా వాళ్ళకు నీలంగా కనబడింది. ఇదిగో, తాళంచెవి ఇచ్చేశారు. బాబాయ్ సాయంత్రం వచ్చి క్షమించమని అడుగుతానన్నాడు."

రాట్నం ఆగలేదు. "పచ్చగా ఉందని నేను ఆ రోజే చూశాగా" అంది మల్లీశ్వరి. "కాసేపు నా కళ్ళనే నమ్మలేకపోయా. కళ్ళు సరిగ్గా కనబడక గుంటూరు డాక్టరు చుట్టూ తిరుగుతున్నానా, నాకే అట్టా అగుపిస్తుందేమో అనుకున్నా. కళ్ళు పోతున్నాయని తెలిస్తే గ్రాఫుగదిలో ఉండనిస్తారా? అందుకని ఎవరికీ చెప్పలా. నువ్వు టిక్కెట్లు చూశావుగా, అడుగుతావేమో అనుకున్నా."

"నీకెలా తెలుసు?"

"పిన్నీసుల డబ్బా తలకిందులుగా పెట్టావు."

సువర్చల అక్క మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. మల్లీశ్వరి అప్పుడు రాట్నం ఆపి ఆమె తల మీద చెయ్యి వేసింది. చెయ్యి బరువుగా ఉంది, నిమరలేదు.

"నన్ను క్షమించక్కా. నువ్వు ఇవ్వలేదని ఇప్పుడు తెలిసింది."

"ఎట్టా తెలిసింది?"

"చెప్పాగా, పట్టీ తప్పు చూపింది."

"పట్టీ తప్పు చూపిందని తెలిసింది" అంది మల్లీశ్వరి. "నేను ఇయ్యలేదని ఎక్కడ తెలిసిందే? ఆ రోజు నేను చెప్పిన మాటే కదా ఇవాళా నీ దగ్గరున్నది. అంతకన్నా కొత్తగా ఏమొచ్చింది?"

సువర్చల తల ఎత్తింది. నోరు తెరిచింది. నమ్ముతున్నానక్కా అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో ఆమె మనసు తనకు తెలియకుండానే అల్మరా తలుపు దగ్గరకు, పెరట్లో మాట్లాడిన ఫోను దగ్గరకు ఒక్కసారి వెళ్ళొచ్చింది.

"నమ్ముతున్నానక్కా."

మల్లీశ్వరి ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. ఎనిమిదో ఏటి నుంచీ చూస్తున్న ముఖమది. చూడటానికి ఆవిడకు ఏ పీటా అక్కర్లేకపోయింది.

"లేచి కాళ్ళు కడుక్కో. అన్నం పెడతా" అంది చివరికి, ఊరి నుంచి వచ్చిన చుట్టాన్ని పిలిచినట్టు. తాళంచెవి సువర్చల చేతిలోనే ఉంది.